నా ముఖంలో ఏమీ లేదట

మనుషులు బొమ్మలు చూస్తుంటే ఆ మనుషుల్ని చూసే రోబో ఒకటి ఉంటుందని నాకు తెలిసింది 2016లో. పారిస్‌లో కాపురం పెట్టిన కొత్త. ఈఫిల్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, సీన్ నది ఒడ్డున, కె బ్రాన్లీ అని ఒక మ్యూజియం ఉంది. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా, అమెరికా జాతుల మాస్కులు, విగ్రహాలు అందులో ఎన్నో. ఆ ఏడాది అక్కడ ‘పెర్సోనా’ అనే ప్రదర్శన పెట్టారు. ఒక బొమ్మకో యంత్రానికో ప్రాణం ఉన్నట్టు మనకెందుకు అనిపిస్తుంది అన్నది దాని విషయం. అందులో నల్ల కోటు, టోపీ, మెడకి స్కార్ఫ్ వేసుకుని ఒక రోబో ఉండేది. పేరు బెరెన్సన్.

బెర్నార్డ్ బెరెన్సన్ (1865–1959) అనే ఆయన అమెరికన్ కళా విమర్శకుడు. ఇటలీ పాత చిత్రాలు చూసి ఇది ఫలానా వాళ్ల చెయ్యి అని చెప్పడంలో పేరు మోసినవాడు. ఆయన పేరే ఈ రోబోకి పెట్టారు. దీని వెనక ఉన్నది దెనీ విదాల్ అనే మానవ శాస్త్రవేత్త, ఫిలిప్ గోసియే అనే రోబో పరిశోధకుడు. సందర్శకులు ఒక వస్తువు ముందు ఎలా స్పందిస్తున్నారో రోబో తన కెమెరాతో చూసి గుర్తుపెట్టుకుంటుంది. దాన్నిబట్టి తనకంటూ ఒక అభిరుచి ఏర్పరచుకుంటుంది. నచ్చే రకం కనబడితే నవ్వుతుంది, నచ్చని రకమైతే ముఖం ముడుచుకుంటుంది.

ఆ రోజు నాకు రోబో కన్నా దాని చుట్టూ చేరిన జనమే తమాషాగా అనిపించారు. విగ్రహాల్ని వదిలేసి అందరూ దాని ముఖమే చూస్తున్నారు. అది ముఖం ముడిస్తే ఆ వస్తువులో ఏముందా అని వెనక్కి తిరిగి మళ్లీ చూస్తున్నారు. ఒకావిడైతే దానితో వాదన పెట్టుకునేలా ఉంది. ఆ సంగతి అలా మనసులో ఉండిపోబట్టే, ఏళ్ల తర్వాత ఒక స్నేహితురాలు “చిత్రాలు చూసినప్పుడు కలిగే భావాల మీద ఒక ల్యాబ్‌లో ప్రయోగం చేస్తున్నారు, రోబో కూడా ఉంటుందట, మనుషులు కావాలట” అని మెసేజ్ పెడితే వెంటనే సరేనన్నాను.

ల్యాబ్ పేరు ఇక్కడ రాయడం లేదు. పారిస్ శివార్లలో ఒక విశ్వవిద్యాలయం అనుకోండి.

ముందుగా కాగితాలు. అవి చదవడానికే చాలాసేపు పట్టింది. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా చట్టం వల్ల ఇలాంటి చోట్ల ప్రతిదీ విడమరిచి చెబుతారు. ముఖం వీడియో ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చా, తర్వాత తీసేయమని అడగొచ్చా, అన్నీ ఉన్నాయి. ఆఫీసుల్లో, చదువు చెప్పే చోట్ల మనుషుల భావాలు పసిగట్టే కృత్రిమ మేధని వాడటం యూరప్‌లో 2025 ఫిబ్రవరి నుంచి నిషేధం, వైద్యానికో భద్రతకో అయితే తప్ప. మ్యూజియం చూడటానికి వచ్చేవాళ్లకి ఆ నిషేధం వర్తించదు. అందుకని సంతకం పెట్టే ముందు నేను కొంచెం నిదానంగానే చదివాను. ప్రయోగం చేయిస్తున్న అమ్మాయి, పీహెచ్‌డీ విద్యార్థిని, ఏమాత్రం తొందరపెట్టలేదు.

ఆ తర్వాతే అసలు తంతు. కళ్లు ఎటు చూస్తున్నాయో పట్టుకునే అద్దాలు పెట్టారు. వాటి అంచుల్లో చిన్న కెమెరాలు ఉంటాయి. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కంటి మీద పడేసి, కనుపాప ఎక్కడుందో, ఆ వెలుగు కంటి మీద ఎక్కడ మెరుస్తోందో చూసి లెక్క కడతాయి. గోడ మీద చుక్కలు ఒక్కొక్కటే చూడమన్నారు. చూశాను. కుదరలేదు. మళ్లీ చూడమన్నారు. మళ్లీ కుదరలేదు. ఆ అమ్మాయి తెర మీద నా కన్నుని పెద్దది చేసి చూసి, “కళ్లకి ఏదైనా పెట్టుకున్నారా?” అంది. కాటుక. నల్లగా ఉన్నది కనుపాప అనుకుని యంత్రం కాటుక గీత దగ్గర ఆగిపోతోంది. మాస్కారా వద్దని మెయిల్‌లో రాశారు గానీ కాటుక సంగతి వాళ్లకి తట్టలేదు. తడి దూదితో తుడుచుకున్నాక కళ్లు కడిగేసినట్టు బోసిపోయాయి. యంత్రం మాత్రం సంతోషించింది.

ఎడమ చేతి చూపుడు వేలికి, మధ్య వేలికి చిన్న పట్టీలు చుట్టారు. చెయ్యి చూసి, “మంచులా ఉంది” అంది. జనవరి మరి. కాసేపు రెండు చేతులూ రుద్దుకోమని, వేడినీళ్ల కప్పు పట్టుకోమని కూర్చోబెట్టింది. ఆ పట్టీలు కొలిచేది చెమట. మనకి తెలిసేంత చెమట అక్కర్లేదు. మనసు కాస్త కదిలినా అరచేతి స్వేద గ్రంథులకి నరాల నుంచి కబురు వెళుతుంది, చర్మంలో విద్యుత్తు కొంచెం తేలిగ్గా పారుతుంది. తెలియనంత చిన్న విద్యుత్తు పంపి ఆ తేడాని మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు. ఈ మార్పు కనబడటానికి ఒకటి నుంచి మూడు సెకన్లు పడుతుందట. అంటే నేను ఒక బొమ్మ నుంచి చూపు తిప్పేశాక తెర మీద గీత లేవొచ్చు. కంటి లెక్క, చేతి లెక్క కలిపి చూస్తేనే ఏది దేనికి అన్నది తేలుతుంది.

అప్పుడు నాకు నాట్యశాస్త్రం గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేర్చుకున్న కూచిపూడిలో మా మాస్టారు సాత్విక భావాలు ఎనిమిదీ వల్లె వేయించేవారు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వణుకు, రంగు మారడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. ‘అన్నీ మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు’ అనే వరసలో చెప్పడం లేదు. అక్కడ అవి నటుడు చూపించాల్సినవి, ఇక్కడ చూసేవాళ్ల దగ్గర కొలిచేవి. కానీ ఆ పట్టిక రాసినవాళ్లు కనుబొమలూ పెదవులతో సరిపెట్టకుండా చర్మం దాకా వెళ్లారు కదా అనిపించింది.

ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోమన్నారు. మామూలుగా ఉన్నప్పుడు నా గీత ఎలా ఉంటుందో తెలియాలట. ఏమీ చేయకుండా ఉండమంటేనే నాకు టెన్షన్. ఒకసారి గట్టిగా నిట్టూర్చాను, తెర మీద గీత నిటారుగా లేచింది. “ఫర్వాలేదు, ఊపిరి గట్టిగా పీల్చినా, దగ్గినా, మాట్లాడినా లేస్తుంది, నేను గుర్తు పెట్టుకుంటున్నాను” అంది ఆ అమ్మాయి. ఈ ముక్క తర్వాత పనికొస్తుంది.

మొదటి విడతలో రోబో లేదు. ఒక గదిలో గోడలకి చిత్రాలు వేలాడదీశారు. అసలువి కావు, అదే కొలతలో చేసిన మంచి ప్రింట్లు. ఇది నాకు కొంచెం నచ్చలేదు. నెదర్లాండ్స్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం 2024లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ముత్యపు చెవిపోగు పెట్టుకున్న అమ్మాయి చిత్రంతో పాటు అక్కడి కొన్ని చిత్రాలు అసలువి చూసినప్పుడు మెదడులో స్పందన, పోస్టర్లు చూసినప్పటి కన్నా పది రెట్లు ఎక్కువట. చేయించింది ఆ చిత్రాలు ఉన్న మ్యూజియమే కాబట్టి ఆ పది రెట్ల మాట నేను కొంచెం తగ్గించుకునే వింటాను. అయినా ప్రింటు ప్రింటే.

ఒక్కో చిత్రం ముందు నిలబడి, చూసి, చేతిలో ట్యాబ్లెట్‌లో మార్కు వేయాలి. మాటలుండవు. చిన్న చిన్న మనిషి బొమ్మలు వరసగా ఉంటాయి, ఒక వరసలో మూతి ముడుచుకున్న దాని నుంచి నవ్వుతున్న దాని దాకా, ఇంకో వరసలో నిద్రపోతున్నట్టున్న దాని నుంచి గుండె పగిలేట్టున్న దాని దాకా. మీ లోపల ఎలా ఉందో ఆ బొమ్మని నొక్కాలి. బాగానే ఉంది గానీ, బాధగా ఉంది, ఆ బాధ నాకు ఇష్టంగా ఉంది అని చెప్పడానికి అందులో బొమ్మ లేదు. కరుణ రసం వాళ్ల వరసల్లో ఎక్కడ నొక్కాలో నాకు తెలియలేదు. మధ్యలో ఒకటి నొక్కేశాను.

ఈవ్ క్లైన్ అనే చిత్రకారుడి మొత్తం నీలం రంగు పలక ముందు మర్యాదకి కాసేపు నిలబడ్డాను. కైయ్‌బోత్ 1875లో వేసిన, చెక్క నేల చెక్కుతున్న కూలీల చిత్రం ముందు ఎక్కువసేపే ఉన్నాను. వాళ్ల వీపుల మీద పడిన కిటికీ వెలుగు నిజంగా బాగుంటుంది. ఆ పక్కన ఉంది మిల్లే 1857లో వేసిన చిత్రం. అసలుది ఓర్సే మ్యూజియంలో ఉంది.

కోత అయిపోయిన పొలం. ముగ్గురు ఆడవాళ్లు పరిగె ఏరుతున్నారు. ఇద్దరు నడుం పూర్తిగా వంచేశారు, మూడో ఆమె సగం వంగి ఉంది, కిందికి వంగుతోందో పైకి లేస్తోందో చెప్పలేం. ఎడమ చివరామె ఒక చెయ్యి నడుం మీదకి మడుచుకుంది. వెనక దూరంగా బంగారు రంగులో పెద్ద పెద్ద కుప్పలు, పనలు ఎత్తుతున్న కూలీలు, కుడి మూల గుర్రం మీద అజమాయిషీ చేస్తున్న మనిషి. పంటంతా అక్కడుంది, వీళ్లకి మిగిలింది ఇక్కడుంది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కుప్ప నూర్చేదాకా మళ్లలో పరిగె ఏరుకునే ఆడవాళ్లని అమ్మ చెప్పగా విన్నాను. అమ్మమ్మ కూడా ఏరిందని, కానీ ఆవిడ ఆ మాట ఎవరి ముందూ చెప్పనిచ్చేది కాదని, అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

దానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కు వేశాను. తర్వాతి చిత్రానికి వెళ్లిపోయాను.

రెండో విడతకి రోబో వచ్చింది. నా భుజం దాకా ఉంటుంది. చక్రాల మీద నడుస్తుంది. బెరెన్సన్‌లా కోటూ టోపీ లేవు, తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, రెండు కెమెరా కళ్లు, మోటార్లతో కదిలే కనుబొమలు, పెదవులు. పక్కనే ఉండి, మీతో పాటు చిత్రాలు చూస్తుంది, మాట్లాడొచ్చు, మాట్లాడకపోయినా ఫర్వాలేదు అని చెప్పి ఆ అమ్మాయి బయటికి వెళ్లిపోయింది.

మొదట్లో బొమ్మలు చూస్తున్నానన్న మాటే గానీ నా ధ్యాసంతా దాని మీదే. అది ఎటు తిరుగుతోంది, దాని మోటారు ఎందుకు కీచుమంటోంది, ఇంత దగ్గరగా ఎందుకు నిలబడింది. నీలం పలక దగ్గర నవ్వింది. సరేలే అనుకున్నాను. కూలీల చిత్రం దగ్గర తల కొంచెం వంచి చూసింది. పరిగె ఏరే ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కనుబొమలు కిందికి దించి, పెదవి విరిచి, నా వైపు తిరిగి ఫ్రెంచిలో, “ఇది నాకు నచ్చలేదు. మీకు నచ్చిందా?” అంది.

“నచ్చింది.”

“ఎందుకు?”

యంత్రానికి జవాబు చెప్పాల్సిన పని లేదని తెలుసు. అయినా చెప్పాను. వాళ్లు ఆ పొలం తాలూకు కూలీలు కూడా కాదు, కోత కోసినవాళ్లు వదిలేసిన వెన్నులు ఏరుకుంటున్నారు అన్నాను. ఆ గుర్రం మీద మనిషిని చూడు, ఎంత చిన్నగా వేశాడో, వీళ్లని ఎంత పెద్దగా వేశాడో చూడు అన్నాను. ఈ బొమ్మ మొదట పెట్టినప్పుడు పారిస్‌లో డబ్బున్నవాళ్లకి భయం వేసింది తెలుసా అన్నాను. ఆ నడుం మీద చెయ్యి చూపించాను. రోబో కనుబొమలు అలాగే ముడిచి ఉంచింది. “ఇందులో రంగులు తక్కువగా ఉన్నాయి” అంది. అప్పుడు నా నోట్లోంచి “నీకేం తెలుసురా” అని తెలుగులో వచ్చేసింది. గొంతు కూడా కాస్త వణికినట్టుంది. ఆ తర్వాత చాలాసేపు అక్కడే నిలబడ్డాను, మొదటి విడతలో నిలబడని చోట.

అయిపోయాక వైర్లు విప్పి, కాఫీ ఇచ్చి, గీతలన్నీ చూపించారు. ముఖాన్ని చదివే సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం మొదటి విడత అంతా నా ముఖంలో ఏమీ లేదట. ‘తటస్థం’ అన్న గడిలో నిలువునా రంగు. పరిగె ఏరే ఆడవాళ్ల దగ్గర కూడా అదే. అన్నిటికన్నా ఎక్కువ మార్కు నేనే వేసిన బొమ్మ ముందు, యంత్రం దృష్టిలో, నేనొక గోడని.

నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఆ అమ్మాయే సర్దిచెప్పింది. దాదాపు అందరికీ ఇంతేనట. ఇలాంటి సాఫ్ట్‌వేర్లకి మూలం పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో అచ్చువేసిన ముఖ కండరాల పట్టిక. ఏ కండరం కదిలిందో అది బాగానే చెబుతుంది. ఆ కదలికకి లోపల ఏ భావం ఉందన్న దగ్గరే గొడవ. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి 2019లో ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి చూస్తే, కోపం వచ్చినప్పుడు మనుషులు ముఖం చిట్లించేది సుమారు 30 శాతం సందర్భాల్లోనే అని తేలింది. కోపంగా లేనప్పుడు కూడా చిట్లిస్తారు.

నాకు బాగా నచ్చింది ఆ అమ్మాయి చెప్పిన ఇంకో పాత పరిశోధన. 1979లో రాబర్ట్ క్రౌట్, రాబర్ట్ జాన్‌స్టన్ అనే ఇద్దరు బౌలింగ్ ఆడేవాళ్ల ముఖాలు గమనించారు. బంతి వేసి, పిన్నులు పడగొట్టి, అటే చూస్తున్నంతసేపు ఆటగాళ్ల ముఖాల్లో నవ్వు పెద్దగా లేదు. వెనక్కి తిరిగి స్నేహితుల్ని చూశాకే నవ్వారు. అంటే ముఖం మనకోసం ఉన్నది కాదు, ఎదుటివాళ్లకి. గోడ మీద బొమ్మ ముందు ఒంటరిగా నిలబడితే ఎవరికని చూపించాలి?

ఇంక రెండో విడత గీతలు. రోబో పెదవి విరిచిన క్షణం దగ్గర నా కనుబొమలు కదిలాయి, చేతి గీత ఆ రోజుకల్లా ఎత్తుకి లేచింది. ఉత్సాహం వచ్చి, “అదిగో” అన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అప్పుడు నేను మాట్లాడుతున్నాను కాబట్టి ఆ గీతని లెక్కలోకి తీసుకోరు. మాట్లాడితే ఎలాగూ లేస్తుంది కదా. అంటే పాపం అంత ఖర్చు పెట్టి పట్టుకున్న చెమట కూడా చెల్లలేదు. మిగిలింది నేను అన్న మాటలు, ఎంతసేపు నిలబడ్డాను, కళ్లు ఎక్కడెక్కడ తిరిగాయి. మొదటి విడతలో నా చూపు ఆ ముగ్గురి తలగుడ్డల మీదే ఉంది. రెండోసారి, రోబోతో మాట్లాడేటప్పుడు, గుర్రం మీద మనిషికీ నడుం మీద చేతికీ మధ్య మళ్లీ మళ్లీ తిరిగింది.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టారు. రోబోకి ఆ చిత్రం నచ్చకపోవడం అంటూ ఏమీ లేదు. పక్క గదిలో ఒక కుర్రాడు కూర్చుని, తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషిలా దాన్ని ఆడిస్తున్నాడు. మొదటి విడతలో ఎవరు దేనికి ఎక్కువ మార్కు వేస్తే దాని దగ్గర పెదవి విరవాలి, తక్కువ వేసిన దాని దగ్గర నవ్వాలి, అదీ వాడికి ఇచ్చిన పని. రోబోల మీద ప్రయోగాల్లో ఇది మామూలు పద్ధతేనట. మోసం చేశాం కాబట్టి, తెలిశాక ఇప్పుడు మళ్లీ మీ అనుమతి అడుగుతున్నాం అన్నారు. ఆ కుర్రాడు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, “చివర్లో ఏదో అన్నారు, అది నన్ను తిట్టడమేనా?” అని అడిగాడు. కొంచెం, అన్నాను.

నేను అడిగింది ఒకటే. మీకు దొరికింది ఆ బొమ్మ మీద నా స్పందనా, మీ రోబో మీద నా కోపమా? ఆ అమ్మాయి నవ్వేసి, “ఆ రెండూ విడదీయలేకే మా గైడుతో ప్రతివారం గొడవ పడుతున్నాను” అంది. రోబో మన భావాలు చదివేస్తుందని వెళ్లాను. చదవడం దానివల్ల అయ్యే పని కాదని నాకు అక్కడే తేలిపోయింది. అది చేసింది వేరు. నచ్చలేదని చెప్పి నన్ను కదిలించింది. అది మనిషి చేసి ఉంటే నేను బహుశా మొహమాటానికి ‘ఎవరి ఇష్టం వాళ్లది’ అని ఊరుకునేదాన్ని. యంత్రం ముందు మొహమాటం ఎందుకు? అందుకే అమ్మమ్మ ఎవరి ముందూ చెప్పనివ్వని మాట తప్ప మిగతాదంతా చెప్పేశాను. కె బ్రాన్లీలో బెరెన్సన్‌తో వాదన పెట్టుకోబోయినావిడ ఇప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెబితే, “నువ్వు బొమ్మలు చూస్తుంటే నిన్ను మరబొమ్మ చూసిందా? దానికి నీకు గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చారా?” అంది. ఇంత చలిలో ఆ వేళ్లకి కరెంటు పెట్టించుకోవడం ఏమిటని తిట్టింది. బొమ్మలో ఏముందో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అది గోధుమ అయ్యుంటుంది, వరి పరిగె అయితే కాళ్లకి బురద ఉంటుంది” అంది. చిత్రాన్ని వాట్సాప్‌లో పంపమంది.

రెండు రోజుల తర్వాత ల్యాబ్ నుంచి కాగితం మెయిల్‌లో వచ్చింది. వేటిని ఉంచుకోవాలో, వేటిని తీసేయాలో టిక్కులు పెట్టి పంపాలి. ముఖం వీడియోని ముందుముందు ఇంకో సాఫ్ట్‌వేర్‌కి నేర్పడానికి వాడుకోవచ్చా అని ఒక గడి ఉంది. వద్దని పెట్టాను. వేళ్ల గీతలు ఉంచుకోమన్నాను, వాటితో నన్ను ఎవరూ గుర్తుపట్టలేరు. మాటల రికార్డింగ్ కూడా ఉంచుకోమన్నాను, ఆ చివరి తెలుగు ముక్కతో సహా.